ఎర్ర సాసు వెనక వలస వంటిళ్ళు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో వలస కుటుంబాలు నడిపే ఇటాలియన్ హోటళ్ళ గురించి, వాటి వంటల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. కొలతలు అడిగినవాళ్ళే ఎక్కువ కాబట్టి కొలతలతో సహా రాశాం.

కిందటేడు రోమ్, నేపుల్స్ చూసొచ్చాం. మా పిల్లలకి ప్రాణమైన స్పగెట్టీ మీట్‌బాల్స్ అక్కడ ఏ హోటల్లోనూ కనబడలేదు. చికెన్ పార్మజాన్ అడిగితే వెయిటర్‌కి అర్థమే కాలేదు. మరి మా వీధి చివర ఇటాలియన్ హోటల్లో తింటున్నది నకిలీదా?
*– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ*

నకిలీ కాదండీ, అది వలస వెళ్ళినవాళ్ళ వంట. 1880 నుంచి 1924 దాకా 40 లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికాలో దిగారు. ఎక్కువమంది దక్షిణాదివాళ్ళు. కంపానియా, సిసిలీ, కలాబ్రియా ప్రాంతాల కూలీలు, చిన్న రైతులు. సొంతూళ్ళో వాళ్ళకి మాంసం పండగపూట తినేది. కొంచెం కైమాలో నానబెట్టిన రొట్టె ఎక్కువగా కలిపి, చిన్న చిన్న ఉండలు చేసుకుని, వాటిని విడిగా తినేవాళ్ళు. పాస్తా వేరే వడ్డన. రెండూ ఒక కంచంలో పడేవి కావు.

న్యూయార్కులో కూలి డబ్బులతో కూడా మాంసం కొనుక్కోగలిగారు. ఉండ పెద్దదైంది, రొట్టె తగ్గింది. డబ్బా టమాటాలు ఏడాది పొడుగునా దొరకడంతో సాసు కూడా ధారాళమైంది. హోటల్‌కి వచ్చే అమెరికన్‌కి మాంసం, దాని పక్కన పిండి పదార్థం ఒకే ప్లేటులో ఉండాలి. అలా స్పగెట్టీ మీద మీట్‌బాల్ ఎక్కింది. చికెన్ పార్మజాన్ కథా ఇంతే. దక్షిణ ఇటలీలో వంకాయ చక్రాలు వేయించి, సాసూ చీజూ పరిచి చేసే పార్మిజానాలో ఇక్కడ వంకాయ పోయి కోడి వచ్చింది. 1924 నాటి చట్టం ఇటలీ నుంచి వలసని బాగా కుదించింది. కొత్త మనుషులు రావడం తగ్గాక ఆ వంట తన దారిన తాను పెరిగింది.

ఇంట్లో చేసుకోవాలంటే కొలత ఇది. అరకిలో కైమాకి 60 గ్రాముల రొట్టె పొడి, 120 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, తురిమిన పార్మజాన్ 50 గ్రాములు, ఉప్పు 7 గ్రాములు, రెండు వెల్లుల్లి రెబ్బల ముద్ద, గుప్పెడు పార్‌స్లీ తరుగు. ముందు రొట్టె పొడిని పాలలో పది నిమిషాలు నానబెట్టి మెత్తగా మెదపాలి. ఈ ముద్దే లోపలి తేమని పట్టి ఉంచుతుంది, దీన్ని మానేస్తే ఉండలు రాళ్ళవుతాయి. కైమాని ఆఖర్న వేసి వేళ్ళతో కలిసీ కలవనట్టు కలపండి. చపాతీ పిండిలా మర్దిస్తే మాంసం సాగి రబ్బరులా తయారవుతుంది. ఒక్కో ఉండ 45 గ్రాములు. నూనెలో పైన రంగు వచ్చేదాకా వేయించి, సన్నమంట మీద ఉడుకుతున్న సాసులో అరగంట ఉంచండి. అసలు పద్ధతిలో గొడ్డు మాంసం, పంది మాంసం, దూడ మాంసం కలుపుతారు. అవి తినని ఇళ్ళలో కోడి తొడ కైమా వాడండి. రొమ్ము ముక్కలో కొవ్వు ఉండదు, పొడిబారిపోతుంది.

మా అత్తగారు, మామగారు ఇరవై ఏళ్ళ పైనుంచి ఇక్కడ ఆంధ్ర భోజన హోటల్ నడుపుతున్నారు. ఇప్పుడు మా మరిది ఇటాలియన్ హోటల్ పెడతానంటున్నాడు. "మన వంట వదిలేసి వాళ్ళ వంట మనకెందుకురా" అని మామగారు ఒప్పుకోవడం లేదు. ఇటాలియన్లు కానివాళ్ళు పెడితే నడుస్తుందా? మా వంటింటి అనుభవం అందులో ఏ మాత్రం పనికొస్తుంది?
*– ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సాస్*

నడుస్తుంది. న్యూయార్కు పరిసరాల్లో ఎన్నో ఇటాలియన్ హోటళ్ళు, పిజ్జా దుకాణాలు ఇవాళ అల్బేనియన్ కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. అనాసపండు ముక్కలు వేసిన 'హవాయియన్' పిజ్జాని 1962లో కెనడాలోని చాతమ్ ఊళ్ళో మొదలుపెట్టిన సామ్ పనోపులోస్ గ్రీసు నుంచి వచ్చినవాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో జాంటే అనే పిజ్జా దుకాణం 1986లో ఒక పంజాబీ వంటవాడి చేతికొచ్చింది, కూర వేసిన పిజ్జాకి అక్కణ్ణించే పేరొచ్చింది. వలస వచ్చినవాళ్ళు ముందు పరాయి వంటింట్లో గిన్నెలు కడుగుతారు, తర్వాత పొయ్యి దగ్గర నిలబడతారు, ఆ తర్వాత దుకాణమే కొనుక్కుంటారు. మీ మరిది కనీసం ఆరు నెలలు ఎవరైనా మంచి ఇటాలియన్ హోటల్లో పొయ్యి దగ్గర పనిచేసి రావాలి. ఇది మేం గట్టిగా చెప్పే మాట.

మీ మామగారికి అమెరికాలో పేరున్న ఇటాలియన్ వంటల నిపుణురాలు లిడియా బాస్టియానిచ్ సంగతి చెప్పండి. ఆమె 1947లో, ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న ఇస్ట్రియా ప్రాంతంలో పుట్టారు. కుటుంబం శరణార్థులుగా ఇటలీలోని ట్రియెస్టే శిబిరంలో ఉండి 1958లో అమెరికా చేరింది. 1971లో భర్తతో కలిసి న్యూయార్కు క్వీన్స్‌లో పెట్టిన మొదటి హోటల్లో గిరాకీ అడిగే ఇటాలియన్ అమెరికన్ వంటలే పెట్టారు. తన పుట్టింటి వంటల్ని మెల్లగా చేర్చుకుంటూ వచ్చారు. 1981లో మన్‌హాటన్‌లో ఫెలీడియా తెరిచేసరికి ఆ వంటలకే పేరొచ్చింది. గిరాకీ నమ్మకం ముందు, సొంత రుచి తర్వాత. ఈ వరస తిరగేస్తే మొదటి ఏడాది దాటడం కష్టం.

ఇక మీ వంటింటి అనుభవం. ఉల్లి టమాటా గ్రేవీని పొద్దున్నే పెద్ద గిన్నెలో చేసిపెట్టుకుని, ఆర్డరు రాగానే చిన్న బాణలిలో ఐదు నిమిషాల్లో కూర దించే అలవాటు మీకుంది. ఇటాలియన్ హోటల్ పొయ్యిల వరస దగ్గర జరిగేదీ ఇదే. మరినారా, అంటే టమాటా సాసు, గిన్నె సిద్ధంగా ఉంటుంది, సాటే పాన్‌లో వెల్లుల్లి, సాసు, పాస్తా, పాస్తా నీళ్ళు, చీజు. పెద్ద మంట మీద పాన్ ఆడించే మణికట్టు, కొలత గరిటెతో వడ్డించే క్రమశిక్షణ, సరుకు పాడవకుండా చూసుకునే జాగ్రత్త అన్నీ అలాగే పనికొస్తాయి.

పనికిరాని అలవాట్లూ ఉన్నాయి, అవి మానుకోవడమే కష్టం. వెల్లుల్లి ఎర్రగా వేగేదాకా ఆగడం మన పోపు పద్ధతి. అక్కడ లేత బంగారు రంగు దాటితే చేదు కింద లెక్క. ఉల్లిపాయని గోధుమరంగు వచ్చేదాకా వేయించకండి, మెత్తబడితే చాలు. మసాలా ఏదీ చేర్చకూడదు. ఎండుమిర్చి పలుకులు చిటికెడు వేయొచ్చు. క్రీము, టమాటా కలిపిన పింక్ సాసు మన చేతిలో తెలియకుండానే బటర్ చికెన్ అయిపోతుంది. దానికి మందు ఒకటే. పంచదార, కసూరి మేథీ, గరం మసాలా ఆ వంటింట్లోకే రాకూడదు.

ఒకే వంటగదిలో రెండు హోటళ్ళు నడపాలని చూడొద్దు. చికెన్ సిక్స్‌టీఫైవ్, పకోడీ వేగిన నూనెలో రొట్టె పొడి అద్దిన కోడి వేస్తే ఆ వాసన పోదు. ఫ్రయ్యరు విడిగా ఉండాలి, వాక్-ఇన్ కూలర్‌లో అరలు విడిగా ఉండాలి. ఇంగువ, సాంబారు పొడి పక్కన మొజరెల్లా పెడితే అది వాసన పీల్చేస్తుంది.

మెనూ చిన్నది పెట్టండి. మొదట ఐదారు పాస్తాలు, రెండు కోడి వంటలు, ఒక చేప, రెండు సలాడ్లు చాలు. ఇటాలియన్ హోటల్లో లాభం పాస్తా మీదే, ఖర్చు చీజు, మాంసం, చేపల మీద. సరుకు ఖర్చు అమ్మకం ధరలో 28 నుంచి 32 శాతం లోపల ఉండేలా చూసుకోవడం వ్యాపారంలో అలవాటు. ప్లేటు సరుకు 4 డాలర్లయితే, 30 శాతం లెక్కన 13 డాలర్ల 33 సెంట్లకు తగ్గకుండా అమ్మాలి. తురిమిన పార్మజాన్‌ని గుప్పెట్లతో చల్లేవాళ్ళున్న చోట ఈ లెక్క మొదటి నెలలోనే తప్పుతుంది. పూటకోసారి తూచి, చిన్న గిన్నెల్లో పోసి పెట్టాలి.

చికెన్ పార్మజాన్ మెత్తబడిపోతోందని ప్రతి కొత్త హోటల్లోనూ వినిపించే ఫిర్యాదు. 180 గ్రాముల రొమ్ము ముక్కని సెంటీమీటరు మందానికి కొట్టి, పిండి, గుడ్డు, రొట్టె పొడి వరసగా అద్ది, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. లోపల 165 డిగ్రీలు చేరాలి. సాసు, చీజు మధ్యలో మాత్రమే వేసి, అంచు వేలెడు వెడల్పున వదిలి, పై మంట కింద రెండు నిమిషాలు పెట్టాలి. సాసు ముందు పళ్ళెంలో పోసి దానిమీద ముక్క పెడితే మాత్రం గిరాకీ బల్ల చేరేలోపే అడుగు నానిపోతుంది.

ఇంట్లో పాస్తా సాసు చేస్తే రెండు తప్పులు వస్తున్నాయి. నోరు గుంజుకునేంత పులుపు. పైగా ఎరుపు రాకుండా గులాబీ రంగులో నురగ నురగగా ఉంటోంది. టమాటాలు ఉడకబెట్టి మిక్సీలో వేసి, మూకుట్లో నూనె పోసి వేయిస్తాను.
*– ఒక పాఠకురాలు, గుంటూరు*

మిక్సీ మానేయండి. గిర్రున తిరిగే మర టమాటా గుజ్జులోకి గాలి బుడగల్ని ఎక్కిస్తుంది, అందుకే గులాబీ రంగు. గింజలు కూడా నలిగి చిరుచేదు దిగుతుంది. చేత్తో మెదిపితే ఈ రెండూ ఉండవు.

పులుపుకి కారణం టమాటా రకం. గుండ్రటి నాటు టమాటాలో గింజల చుట్టూ ఉండే జిగురు ఎక్కువ, పులుపు ఎక్కువగా ఉండేది అందులోనే. చారుకి, పప్పుకి అది వరం. సాసుకి కండ ఎక్కువున్న పొడుగు రకం కావాలి. నేపుల్స్ దగ్గర వెసూవియస్ అగ్నిపర్వతం చుట్టుపక్కల నేలలో పండే శాన్ మర్జానో టమాటాకి అంత పేరు రావడానికి కారణం కూడా కండ ఎక్కువ, గింజ తక్కువ కావడమే.

కిలోన్నర పొడుగు టమాటాలు తెచ్చి, రెండు రోజులు బయటే ఉంచి బాగా ముగ్గనివ్వండి. అడుగున కత్తితో ఇంటూ గుర్తు గీసి, మరిగే నీళ్ళలో అర నిమిషం ఉంచి, చన్నీళ్ళలో వేస్తే తోలు ఊడొస్తుంది. సగానికి కోసి, జల్లెడ మీద గింజలు దులిపి, కిందకి కారిన రసాన్ని ఉంచుకోండి. కండని వేళ్ళతో మెదపండి. వెడల్పాటి స్టీలు గిన్నెలో 60 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె పోసి, నూనె చల్లగా ఉండగానే ఆరు వెల్లుల్లి రెబ్బల్ని పలచగా తరిగి వేయండి. కాగిన నూనెలో వేస్తే బయట మాడి లోపల పచ్చిగా ఉంటుంది. సన్నమంట మీద రెండు మూడు నిమిషాల్లో రెబ్బల అంచులు లేత రంగు తిరుగుతాయి. వెంటనే టమాటా, రసం, 8 గ్రాముల ఉప్పు వేసి, మూత పెట్టకుండా అరగంట నుంచి 40 నిమిషాల దాకా మధ్యస్థ మంట మీద ఉడికించాలి. గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనబడి, గీత మెల్లగా పూడాలి. కూరలో లాగా నూనె పూర్తిగా తేలేదాకా ఆగితే తాజాదనం పోయి పచ్చడి రుచికి దిగుతుంది. దించే ముందు ఎనిమిది పది బేజిల్ ఆకులు తుంచి వేయండి. పూజ తులసి వద్దు, ఘాటు వేరు. సబ్జా గింజలిచ్చే రుద్రజడ బేజిల్ జాతిదే, కానీ వాసనలో తేడా ఉంటుంది, రెండు ఆకులతో మొదలుపెట్టి చూడండి. ఆరుగురికి సరిపోతుంది.

అప్పటికీ పులుపుంటే పంచదార పావు చెంచా మించొద్దు. సగం క్యారెట్టుని సాసులో ఉడకనిచ్చి తీసేస్తే ఇంకా బాగుంటుంది. ఆఖర్న 20 గ్రాముల వెన్న కలిపితే పులుపు నాలుక మీద గుచ్చుకోదు. ఇనప మూకుడు మాత్రం అస్సలొద్దు, టమాటా పులుపు ఇనుముని లాగి సాసుని నల్లబరుస్తుంది, తుప్పు రుచి వస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. 28 ఔన్సుల డబ్బాల్లో ముక్కలుగా కోసినది కాకుండా, తోలు తీసిన మొత్తం టమాటా కొనండి. ముక్కలు విడిపోకుండా ఉండటానికి వాటిలో సాధారణంగా క్యాల్షియం క్లోరైడ్ కలుపుతారు. గంట ఉడికించినా అవి కరగవు.

పాస్తా ముద్దగా అతుక్కుపోతోంది. నూనె వేసి ఉడికించి, చన్నీళ్ళతో కడుగుతున్నాను కూడా. బొంబాయి రవ్వతో ఇంట్లో పాస్తా చేసుకోవచ్చా?
*– ఒక పాఠకుడు, హైదరాబాద్*

ఆ నూనె, ఆ కడగడం రెండూ మానేయండి. నూనె నీళ్ళమీద తేలిపోతుంది, వార్చేటప్పుడు పాస్తాకి అంటుకుని సాసుని పట్టనివ్వదు. కడిగితే సాసుని పట్టే గంజి పోతుంది. 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. నీళ్ళు తెర్లుతుండగా వేసి, మొదటి నిమిషంలో రెండుసార్లు కలపండి, అతుక్కునేది అప్పుడే. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే తీసి, వేడి సాసులో వేసి, పాస్తా ఉడికిన నీళ్ళు అర గరిటె పోసి, పెద్ద మంట మీద ఆ రెండు నిమిషాలు ఆడించండి. నీళ్ళలోని గంజి, సాసులోని నూనె కలిసి చిక్కబడి ప్రతి పోగుకీ పడతాయి. మనిషికి 100 గ్రాముల పాస్తాకి 120 గ్రాముల సాసు చాలు. పులుసు అన్నంలా మునగక్కర్లేదు.

బొంబాయి రవ్వ మామూలు గోధుమది. ఎండు పాస్తాకి వాడేది డురం గోధుమ. మన బజార్లో బన్సీ రవ్వ ఆ జాతిదే, కానీ పలుకు పెద్దది. దాన్ని మరాడించి వాడుకోవాలి.

మా పక్కింటి ఇటాలియన్ పెద్దావిడ ఏటా ఆగస్టు చివర్లో బంధువులందర్నీ పిలిచి గరాజులో టమాటాలు సీసాలకి ఎత్తుతారు. ఈసారి మమ్మల్నీ రమ్మన్నారు. ఎన్ని కొనాలి, పాడవకుండా ఏం చూసుకోవాలి? ఇలాంటి సాసుని అమ్ముకోవచ్చా?
*– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ*

తప్పకుండా వెళ్ళండి. మన ఇళ్ళలో ఆవకాయ రోజెలాగో వాళ్ళకి అదలాగ. మామిడికాయలు తుడవడానికి ఒకరు, ముక్కలు కొట్టడానికి ఒకరు, జాడీలు ఎండబెట్టడానికి ఒకరు కూర్చున్నట్టే అక్కడా మూడు తరాలు వరసగా కూర్చుంటాయి. కుటుంబ హోటళ్ళ సాసు రుచి పిల్లల చేతుల్లోకి దిగేది ఆ రోజే.

అమెరికాలో టమాటాల్ని బుషెల్ లెక్కన అమ్ముతారు. బుషెల్ అంటే 53 పౌండ్లు, సుమారు 24 కిలోలు. దాంతో పలచటి సాసు 10 నుంచి 12 క్వార్టు (దాదాపు లీటరు) సీసాలు వస్తుంది.

జాగ్రత్త ఒక్కచోట. ఆవకాయకి ఉప్పు, కారం, ఆవ, నూనె కాపలా ఉంటాయి. టమాటాకి ఆ కాపలా లేదు. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. టమాటా పీహెచ్ ఒక్కోసారి భద్రమైన హద్దుకి, అంటే 4.6కి, దగ్గర్లోనో పైనో ఉంటుంది. అది దాటితే గాలి చొరని సీసాలో బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరుగుతుంది, వాసన, రంగు మారకపోయినా. అందుకే క్వార్టు సీసాకి సీసాల్లో అమ్మే నిమ్మరసం రెండు టేబుల్‌స్పూన్లు గానీ, అర టీస్పూను సిట్రిక్ ఆమ్లం గానీ వేయాలి. చెట్టు నిమ్మకాయ పిండొద్దు, దాని పులుపు కాయకో రకంగా ఉంటుంది. సీసాలో పై అంచు నుంచి అరంగుళం ఖాళీ ఉంచి, మూత బిగించి, నీళ్ళు మూతపైన అంగుళం నిలిచేలా ముంచి, మరుగు మొదలైనప్పటి నుంచి 40 నిమిషాలు ఉంచాలి. ఈ లెక్క వెయ్యి అడుగుల ఎత్తులోపు ఊళ్ళకి. ఒక బేజిల్ ఆకు వేయడం వాళ్ళ ఆచారం, అంతవరకు ఫరవాలేదు. వెల్లుల్లి, ఉల్లి, నూనె మాత్రం సీసాలోకి వద్దు. అవి వండుకునే రోజు వేసుకోవాలి. చల్లారాక మూత మధ్య నొక్కితే కిందకీ పైకీ ఆడితే ఆ సీసా ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయండి.

అమ్మడం సంగతి. ఇటలీలో పియాచెంజా దగ్గర పుట్టిన ఎత్తోరె బొయార్డి 1920లలో క్లీవ్‌లండ్‌లో హోటల్ పెడితే, గిరాకీ ఆయన సాసుని పాల సీసాల్లో ఇంటికి పట్టుకెళ్ళేవారు. 1928కల్లా అది ఫ్యాక్టరీ అయింది, పలకడం తేలికని పేరు స్పెల్లింగు మార్చి షెఫ్ బొయార్డీ (Boyardee) అన్నారు. న్యూయార్కు ఈస్ట్ హార్లెమ్‌లో 1896 నుంచి ఉన్న రావోస్ హోటల్‌లో బల్లలు పదే, 1992లో మొదలైన వాళ్ళ సీసా సాసు మాత్రం దేశమంతా చేరింది. అయితే గరాజులో ఎత్తినది అమ్మకూడదు. అమ్మాలంటే లైసెన్సున్న వంటగది, పరీక్ష చేయించిన వంటకం, ప్రతి విడతకీ పీహెచ్ నమోదు ఉండాలి.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ ఊరి పిజ్జా అడుగున నల్లమచ్చలు ఉన్నా మాడు వాసన రాదు. నాకు ఇంట్లో ఓవెన్‌లో అప్పడమో, పచ్చిపిండో వస్తోంది.
*– ఒక పాఠకుడు, విశాఖపట్నం*

అమాల్ఫీ తీరంలోని మయోరి నుంచి వచ్చిన ఫ్రాంక్ పెపే 1925లో న్యూ హేవెన్ వూస్టర్ వీధిలో దుకాణం పెట్టాడు. అక్కడ ఆయన మేనల్లుడు సాల్వతోరె కన్సీలియో సొంతంగా సాలీస్ తెరిచింది 1938లో, అదే వీధిలో. రెండిటా బొగ్గు పొయ్యిలే, 300 డిగ్రీల సెల్సియస్ దాటే వేడి. ఆ వేడికి పిండి ఎండిపోయేలోపే పైన రంగు వచ్చేస్తుంది. మన ఇంటి ఓవెన్ 250 దగ్గర ఆగుతుంది, కాబట్టి ఎక్కువసేపు పెట్టాల్సి వచ్చి అప్పడమవుతోంది.

మందపాటి ఉక్కు పలక గానీ, పిజ్జా రాయి గానీ పై అరలో పెట్టి 45 నిమిషాలు కాలనివ్వండి. మైదా 500 గ్రాములు, నీళ్ళు 300, ఉప్పు 11, ఇన్‌స్టంట్ ఈస్ట్ గ్రామున్నర. మన మైదాలో మాంసకృత్తులు తక్కువ, అమెరికన్ వంటకంలో రాసినన్ని నీళ్ళు పోస్తే పిండి చిరిగిపోతుంది. పది నిమిషాలు మర్దించి, గంటసేపు బయట ఉంచి, మూడు ఉండలు చేసి, ఫ్రిజ్‌లో 24 గంటలు పెట్టండి. కాల్చడానికి రెండు గంటల ముందు తీయాలి, చల్లటి పిండి సాగదు, వెనక్కి ముడుచుకుంటుంది. అప్పడాల కర్రతో ఒత్తితే గాలంతా పోతుంది. వేళ్ళతో మధ్యనుంచి నొక్కుతూ 11 అంగుళాలకి సాగదీయండి. ఉడికించని టమాటా గుజ్జు 70 గ్రాములు, చీజు 80 గ్రాములు, అంతకు మించొద్దు. మధ్యలో పచ్చిగా మిగలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఎక్కువ సాసు, తడి చీజు. నీళ్ళలో వచ్చే మొజరెల్లా అయితే ముక్కలు చేసి గంటసేపు జల్లెడలో వేసి నీరు కారనివ్వండి. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. చివరి రెండు నిమిషాలు పై కాయిల్ మాత్రమే వెలిగించండి.